ఎమర్జెన్సీ ల్యాండింగ్ ప్రాక్టీస్‌లో ప్రమాదం: మా అన్నకొడుకును వెనక్కి పిలిపించాలా?

ఉలవపాడు_తోట · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది ఉలవపాడు దగ్గర పల్లె. మా అన్నకొడుకు అమెరికాలో హెలికాప్టర్ పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. కమర్షియల్ లైసెన్సుకు కావాల్సిన 150 గంటల్లో సగం పైనే పూర్తయ్యాయి. పోయిన వారం ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎమర్జెన్సీ ల్యాండింగ్ ప్రాక్టీస్ చేస్తుంటే హెలికాప్టర్ నేలకు గట్టిగా కొట్టుకుంది. తోక తెగి, పక్కకు ఒరిగిపోయింది. మంటలు రాలేదు. ఇద్దరూ బతికి బయటపడ్డారు. ఇన్‌స్ట్రక్టర్‌కు మోచెయ్యి గీసుకుపోయింది. మావాడికి నడుము దగ్గర ఒక వెన్నుపూస నలిగింది. ఆపరేషన్ అక్కర్లేదని బెల్టు వేశారు.

మాకు అర్థం కానిది ఒకటే. ఇంజిన్ బాగానే ఉందంట. చెడిపోయినట్టు అనుకొని, పవర్ తీసేసి దిగడం నేర్పుతారంట. బాగున్న ఇంజిన్ పవర్ తీసెయ్యడమేంది? మా వదిన సరిగ్గా అన్నం తినడం లేదు. తోట మీద అప్పు తెచ్చి పంపించాం. డబ్బు పోతే పోయింది, పిల్లోడిని తీసుకొచ్చెయ్యండి అంటోంది. అన్న నోరు విప్పడం లేదు. ఈ విద్య తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. తప్పు మావాడిదా, నేర్పేవాళ్లదా, అసలు ఈ పద్ధతిదేనా? స్కూల్ పేరు మాత్రం అడగొద్దు.

కనిగిరి_కుర్రోడు · శనివారం రాత్రి 9:40

అన్నా, పిలిపించెయ్యండి. 2009 సెప్టెంబర్ 2న రాజశేఖర్ రెడ్డి గారి హెలికాప్టర్ కనపడకుండా పోయిన రోజు మా ఇంట్లో టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు. నల్లమల మాకు దగ్గరే కాబట్టి ఎక్కడ పడిందో, ఎట్టా ఉన్నారో అని ఊరంతా అదే మాట. 2021 డిసెంబర్ 8న కూనూరులో జనరల్ రావత్ గారు, వాళ్లతో పాటు మన చిత్తూరు జిల్లా జవాను సాయితేజ. అంత పెద్ద మిషన్లు, అంత అనుభవం ఉన్న పైలట్లు. వాళ్లకే అట్టా అయితే నేర్చుకునే పిల్లోడి సంగతేంటి? ఒక్కసారి దేవుడు కాపాడాడు. రెండోసారి పరీక్ష పెట్టొద్దు.

హకీంపేట_రిటైర్డ్ · శనివారం రాత్రి 10:25

తోట తమ్ముడూ, ముందు మీ వదినకు ధైర్యం చెప్పండి. పిల్లోడు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. అది పెద్ద విషయం.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో చేతక్ హెలికాప్టర్ల మీద ఎయిర్‌ఫ్రేమ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాను. పైలట్‌ను కాను. కానీ హకీంపేటలో శిక్షణ పైలట్లు ఈ ప్రాక్టీసే చేస్తుంటే కింద నిలబడి చూసినవాణ్ణి. దీన్ని ఆటోరొటేషన్ అంటారు.

ఇంజిన్ ఆగితే హెలికాప్టర్ రాయిలా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. చిన్నప్పుడు తాటాకు గిరకకు తుమ్మముల్లు గుచ్చి చేత్తో పట్టుకొని పరిగెత్తేవాళ్లం కదా, గాలి తగిలి దానంతట అదే గిర్రున తిరిగేది. ఇక్కడా అంతే. ఇంజిన్ పోగానే పైలట్ ఎడమచేతిలోని కలెక్టివ్ లివర్‌ను పూర్తిగా కిందికి దించేస్తాడు. రెక్కల వాలు తగ్గుతుంది. హెలికాప్టర్ కిందికి దిగుతుంటే గాలి కింది నుంచి పైకి రెక్కల్లోంచి వెళ్తూ రోటార్‌ను, అంటే పైన తిరిగే రెక్కల చక్రాన్ని, తిప్పుతూనే ఉంటుంది. ఇంజిన్‌కూ రోటార్‌కూ మధ్య ఒక క్లచ్ ఉంటుంది. ఇంజిన్ నెమ్మదించగానే అది విడిపోతుంది కాబట్టి ఆగిన ఇంజిన్ రోటార్‌ను పట్టి ఆపదు. చివర్లో ముక్కు పైకెత్తి వేగం చంపుకొని, రోటార్‌లో మిగిలిన తిరుగుడును వాడుకొని మెల్లగా దిగుతారు.

ప్రాక్టీస్‌లో ఇంజిన్‌ను పూర్తిగా ఆపరు, థ్రాటిల్‌ను, అంటే ఇంజిన్ పవర్ పెంచే తగ్గించే పిడిని, ఐడిల్‌కు తెస్తారు. ఇంజిన్ ఊరికే తిరుగుతుంటుంది. నేల దగ్గరికి రాగానే మళ్లీ పవర్ ఇచ్చి గాల్లో నిలబెట్టడం ఒక పద్ధతి. పవర్ ఇవ్వకుండా నేలదాకా దించడం రెండో పద్ధతి. మీవాడు ఏది చేస్తున్నాడో కనుక్కోండి.

కనిగిరి తమ్ముడికి ఒక మాట. మీరు చెప్పిన రెండు ప్రమాదాల్లోనూ ఇంజిన్ ఆగిపోలేదు. కూనూరులో మబ్బు కమ్మి దారి తప్పి కొండకు తగిలింది. నల్లమలలో వాతావరణం ఘోరంగా ఉంది. దానికి తోడు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వస్తే దానికేం చెయ్యాలో చెక్‌లిస్టులో వెతుక్కుంటూ పైలట్ల ధ్యాస అటు పోయిందని విచారణలో తేలింది. గాల్లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు చెయ్యాల్సింది ముందే చేతులకు అలవాటై ఉండాలనే కదా ఈ ప్రాక్టీసులన్నీ.

కనిగిరి_కుర్రోడు · శనివారం రాత్రి 10:51

బాబాయ్ గారూ, కారణాలు వేరని ఒప్పుకుంటాను. కానీ అలవాటు చేసుకోవడానికి పోయే వెన్నుపూస విరిగింది ఇక్కడ. నిజం ఎమర్జెన్సీ జీవితంలో ఎన్నడూ రాకపోవచ్చు. దానికోసం ఈ ప్రమాదాన్ని పదేపదే చేతులారా తెచ్చుకోవడం నాకు నచ్చడం లేదు.

బిట్రగుంట_లక్ష్మి · ఆదివారం ఉదయం 6:30

నేను ఎముకల వార్డులో నర్సును. చెట్టు మీంచి, డాబా మీంచి కూర్చున్నట్టుగా పడినవాళ్లకు ఇలాంటి దెబ్బే చూస్తుంటాం. దెబ్బ కింది నుంచి పైకి వస్తుంది కాబట్టి నడుము పైభాగంలో వెన్నుపూస ముందువైపు నలుగుతుంది. కుర్ర వయసులో చాలావరకు బాగా అతుక్కుంటుంది. అయితే అశ్రద్ధ పనికిరాదు. కాళ్లల్లో తిమ్మిరి, బలం తగ్గడం, మూత్రం దగ్గర తేడా ఏది వచ్చినా వెంటనే ఆసుపత్రికి పొమ్మనండి. బరువులు ఎత్తొద్దు. నొప్పి తగ్గిందని బెల్టు తీసెయ్యొద్దు.

ఇంకొకటి. అమ్మతో రోజూ వీడియోలో మాట్లాడమనండి. కూర్చోగలుగుతున్నాడా, లేచి నాలుగడుగులు వేస్తున్నాడా అని వదిన కళ్లతో చూడాలి. గాయం సంగతి మూడో మనిషి నోటి నుంచి వింటే తల్లికి ఇంకా టెన్షన్.

గాల్లో_కోవూరు · ఆదివారం ఉదయం 11:05

మాది కోవూరు. సముద్రంలోని చమురు ప్లాట్‌ఫామ్‌లకు హెలికాప్టర్ నడుపుతాను. అంతకుముందు కొన్నాళ్లు ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాను. తోట గారూ, మీ పోస్ట్ చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మీవాడు నడిపింది ఏ మోడలో ఇక్కడ రాయొద్దు, దర్యాప్తు నడుస్తుంటుంది. మామూలుగా శిక్షణకు వాడే రెండు సీట్ల హెలికాప్టర్ల గురించి చెప్తాను. ఎక్కువగా కనపడే రాబిన్సన్ ఆర్22నే తీసుకోండి. నిండా బరువుతో 622 కిలోలు, రెండు రెక్కలు. రిటైర్డ్ బాబాయ్ గారు చూసిన చేతక్ 2200 కిలోలు, మూడు రెక్కలు. తేలిక రోటార్‌కు వచ్చే తిప్పలు ఏంటంటే, పవర్ పోయాక తిరుగుడు చాలా తొందరగా పడిపోతుంది. కలెక్టివ్ దించడానికి దొరికేది సెకను, కాస్త అటూ ఇటూ. రోటార్ ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అది తిరిగే చుట్లు, మామూలుగా ఉండాల్సిన దాంట్లో 80 శాతం కంటే, దాని మీద ప్రతి 1000 అడుగుల ఎత్తుకు ఇంకో 1 శాతం కలుపుకొని, కిందికి పోయిందా, రెక్కలు గాలిని పట్టుకోవడం మానేస్తాయి. ఆ తర్వాత ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదు. అందుకే 1995లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఆర్22, ఆర్44 నడిపేవాళ్లకు ప్రత్యేక శిక్షణ నిబంధన తెచ్చింది. ఆర్‌పీఎం కాపాడుకోవడం, ఆటోరొటేషన్ అందులో ముఖ్యమైనవి.

దిగేటప్పుడు 65 నాట్ల వేగం, అంటే గంటకు దాదాపు 120 కిలోమీటర్లు, పట్టి ఉంచాలి. 1000 అడుగుల నుంచి నేలకు అరనిమిషం పైన కొద్దిగా పడుతుంది. దాదాపు 40 అడుగుల దగ్గర ముక్కు ఎత్తడం మొదలుపెట్టాలి, దీన్నే ఫ్లేర్ అంటాం. 8 అడుగుల దగ్గర మళ్లీ సమం చేసి, నేల తగిలే ముందు కలెక్టివ్ లాగాలి. ఫ్లేర్ నుంచి నేలదాకా కొన్ని సెకన్లే. ప్రాక్టీస్ ప్రమాదాల్లో ఎక్కువ ఆ చివరి సెకన్లలోనే కనపడతాయి. కానీ వాటికి బీజం అంతకుముందే, ఇంకా ఎత్తులో ఉన్నప్పుడే పడి ఉంటుంది.

నేను నేర్పేటప్పుడు 200 అడుగుల దగ్గర నాలుగు చూసేవాణ్ణి. వేగం ఉందా, ఆర్‌పీఎం మీటర్ మీద పచ్చగీతలో ఉందా, దిగే వేగం మామూలుగా ఉందా, దిగాల్సిన చోటికి నిటారుగా పోతున్నామా. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా అక్కడే పవర్ ఇచ్చి పైకి పోవాల్సిందే. కింద సరిచేద్దాంలే అని ఆగితే, సరిచెయ్యడానికి ఎత్తూ ఉండదు, టైమూ ఉండదు.

పిల్లోడిని ఇవి అడగండి. 200 అడుగుల దగ్గర వేగమెంత? గాలి ఎటు నుంచి? పవర్ ఇచ్చి పైకి వెళ్లిపోదామని ఎవరైనా అన్నారా? కంట్రోల్స్ చివర్లో ఎవరి చేతుల్లో ఉన్నాయి?

అద్దంకి_హైవే · ఆదివారం మధ్యాహ్నం 12:20

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా దగ్గర కొరిశపాడు హైవే మీద 4.1 కిలోమీటర్ల ఎమర్జెన్సీ రన్‌వే కట్టారు కదా. 2024 మార్చి 18న సుఖోయ్‌లు తక్కువ ఎత్తులో పోతే, ఏఎన్-32 విమానం దిగితే వెళ్లి చూశాను. అలాంటి చోట ఈ ప్రాక్టీస్ చేసుంటే దెబ్బ తగిలేది కాదేమో?

గాల్లో_కోవూరు · ఆదివారం మధ్యాహ్నం 12:48

అది విమానాల కోసం అన్నా, వాటికి పొడుగు దారి కావాలి. ఆటోరొటేషన్‌లో హెలికాప్టర్‌కు చదునైన చిన్న మైదానం చాలు. రన్‌వే ఎంత పొడుగున్నా దిగే వేగం తగ్గించుకోకపోతే ఉపయోగం లేదు. చదును మాత్రం ముఖ్యమే. హెలికాప్టర్ కింద కాళ్లలా ఉండే స్కిడ్ గడ్డిదుబ్బుకు తట్టుకుంటే పక్కకు పల్టీ కొడుతుంది.

ఉలవపాడు_తోట · ఆదివారం రాత్రి 8:15

మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. మావాడితో చాలాసేపు మాట్లాడాను. వాడు చెప్పింది రాస్తాను.

ఆ రోజు చేస్తున్నది చివర్లో పవర్ ఇచ్చి నిలబెట్టే రకం. అంతకుముందు చేసినవి బాగా వచ్చాయంట. ఇది ఆ రోజుకు ఆఖరిది. మలుపు తిరిగి దిగేటప్పుడు గాలి వెనక పక్కనుంచి తగిలింది. అనుకున్న చోటు దాటిపోతామేమోనని వీడు ముక్కు కొంచెం ఎత్తి పట్టాడు. వేగం 50కి పడింది. ఇన్‌స్ట్రక్టర్ ‘స్పీడ్, స్పీడ్’ అన్నాడు గానీ కంట్రోల్స్ తీసుకోలేదు. 200 అడుగుల దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. నేల దగ్గరికి వచ్చాక వీడు ముక్కు ఎత్తినా దిగే వేగం తగ్గలేదంట. కలెక్టివ్ ఎత్తగానే రోటార్ ఆర్‌పీఎం పడిపోతోందని హెచ్చరించే హారన్ మోగింది. అప్పుడు ఇన్‌స్ట్రక్టర్ ‘ఐ హ్యావ్’ (ఇక నా చేతుల్లో) అని కంట్రోల్స్ లాక్కొని థ్రాటిల్ తిప్పాడు. ఇంజిన్ అందుకునేలోపు నేల తగిలింది. ఆ ఇన్‌స్ట్రక్టర్ కూడా కుర్రవాడే.

‘నా వల్లే జరిగింది బాబాయ్, ముక్కు నేనే ఎత్తాను’ అని వాడు ఏడ్చాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

సింగరాయకొండ_మాస్టారు · ఆదివారం రాత్రి 9:30

నేను ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. వేగం 65 నుంచి 50కి పడిందన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. చూడ్డానికి 15 నాట్లే. కానీ గతిశక్తి వేగం వర్గంతో పోతుంది. 50ని 65తో భాగించి వర్గం చేస్తే 0.59. అంటే ఫ్లేర్‌లో వాడుకోవాల్సిన శక్తిలో 41 శాతం అప్పటికే చేజారింది. 65 నాట్ల దగ్గర ఆ శక్తి దాదాపు 57 మీటర్ల ఎత్తుతో సమానం. 50 దగ్గర అది 34 మీటర్లకు పడిపోతుంది. ముక్కు ఎత్తినా దిగే వేగం తగ్గలేదని అబ్బాయి అన్నాడే, కారణం అదే. ఎత్తడానికి సరుకు లేదు.

ఇంకో లెక్క. నిమిషానికి 1500 అడుగులు దిగుతుంటే సెకనుకు 7.6 మీటర్లు. ఆ వేగాన్ని ఏమాత్రం తగ్గించకుండా నేలను తాకితే, సుమారు 3 మీటర్ల ఎత్తు నుంచి కుర్చీతో సహా పడిన దెబ్బ. వాళ్లు ఎంతో కొంత తగ్గించుకున్నారు కాబట్టే లేచి నడిచారు. పవర్ లేని ఆ కొన్ని సెకన్లలోనూ ఆ పిల్లలు చేతులు వదిలెయ్యలేదు. ఆ మాట అబ్బాయికి చెప్పండి.

హకీంపేట_రిటైర్డ్ · ఆదివారం రాత్రి 10:10

తోక ఎందుకు తెగిందో నేను చెప్తాను. రోటార్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు రెక్కలకు బిగువు తగ్గి కిందికి వంగుతాయి. గట్టిగా కొట్టుకున్న కుదుపులో ఆ వంగిన రెక్క టెయిల్ బూమ్‌ను నరుకుతుంది.

ఇంతకన్నా తక్కువ దెబ్బలు తిన్న మిషన్లను చూశాను. దూరం నుంచి ఏమీ కానట్టే ఉంటాయి. దగ్గరికి పోయి టార్చ్ వేసి చూస్తే తోక మొదట్లో రేకు సన్నగా ముడత పడి ఉంటుంది. రివెట్ల చుట్టూ నల్లగా పొగ పట్టినట్టు గీతలు కనపడతాయి. అంటే రివెట్ వదులై రాపిడి జరుగుతోందని. వేలితో తడిమితే నల్లటి మసి అంటుకుంటుంది. కొంచెం గట్టిగా దిగామని పైలట్ నోరు తెరిచి చెప్పకపోతే, ఆ మిషన్‌ను తర్వాత ఎక్కేవాడికి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే చెప్పినవాణ్ణి మేం ఎప్పుడూ తిట్టలేదు.

మీ పిల్లోడు నేనే ముక్కెత్తాను అని చెప్పగలుగుతున్నాడే, అలాంటివాడు ఈ వృత్తిలో ఉండాలి తమ్ముడూ.

కనిగిరి_కుర్రోడు · ఆదివారం రాత్రి 10:32

మాస్టారి లెక్క చూశాక నాకు ఇంకా భయం వేసింది. ఇదంతా సిమ్యులేటర్‌లో చెయ్యొచ్చు కదా? ఇన్ని కంప్యూటర్లు ఉన్న రోజుల్లో నేల దగ్గర ప్రాణంతో పనేముంది?

గాల్లో_కోవూరు · సోమవారం ఉదయం 7:20

కనిగిరి తమ్ముడు అడిగింది మా వృత్తిలోనూ ఎప్పటి నుంచో నడుస్తున్న వాదన. కొందరు నేలదాకా దించాల్సిందే అంటారు, కొందరు పవర్ ఇచ్చి ఆపేస్తే చాలంటారు. నేను రెండో పక్షం. చివరి కొన్ని అడుగుల కోసం శిక్షణ హెలికాప్టర్లను, పిల్లలను పోగొట్టుకోకూడదు. సిమ్యులేటర్ బాగా ఉపయోగపడేది మొదటి సెకనుకు. హారన్ వినగానే కలెక్టివ్ కిందికి పోవడం అక్కడ వందసార్లు చేయించొచ్చు. కానీ సీటు కింద హెలికాప్టర్ ఒక్కసారిగా జారిపోతున్న ఆ అనుభవం, పక్కనుంచి నేల పైకి వచ్చేస్తున్న ఆ చూపు, చిన్న స్కూళ్లలో ఉండే సిమ్యులేటర్లు ఇవ్వలేవు. అది ఒక్కసారైనా నిజంగా చూడనివాడు, నిజంగా ఇంజిన్ ఆగిన రోజు ఆ మొదటి సెకను ఆశ్చర్యపోవడంలోనే పోగొట్టుకుంటాడు. వెనక కూర్చున్న ప్రయాణికులకు ఆ సెకను తిరిగి రాదు.

కాబట్టి ప్రాక్టీస్ మానకూడదు. మానాల్సింది, తేడా కనపడ్డాక కూడా దాన్ని ముగించాలనే పట్టుదల.

తోట గారూ, ఇక మీరు అడిగిన తప్పు ఎవరిదన్న సంగతి. స్టూడెంట్ ముక్కు ఎత్తుతాడు, ఆలస్యంగా స్పందిస్తాడు, అందుకే కదా వాణ్ణి స్టూడెంట్ అనేది. వాడు ఇవన్నీ చేస్తాడని తెలిసే పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్‌ను కూర్చోబెడతారు. వేగం 50కి పడి, గాలి వెనక నుంచి ఉంటే 200 అడుగుల దగ్గర ఆపాల్సిన బాధ్యత ఆ సీటుది. ఆ కుర్రాణ్ణి కూడా నేను తిట్టను. అమెరికాలో చాలామంది లైసెన్స్ రాగానే గంటలు పోగేసుకోవడానికి ఇన్‌స్ట్రక్టర్లుగా చేరతారు. ఎప్పుడు కంట్రోల్స్ తీసుకోవాలో వాళ్లకు పైనున్నవాళ్లు గట్టిగా నేర్పి ఉండాలి. అసలు ప్రశ్న ఆ స్కూల్‌ను అడగాల్సింది: తేడా కనపడితే ఏ ఎత్తులో ప్రాక్టీస్ వదిలేసి పైకి పోవాలో రాతపూర్వకంగా ఉందా, ఆ రోజు దాన్ని పాటించారా?

వెన్నుపూస విరిగింది కాబట్టి అక్కడి నిబంధనల్లో అది తీవ్ర గాయం, మొత్తం ఘటన ప్రమాదం కిందికే వస్తుంది. దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీకి తెలియజేయాల్సిందే. భయపడాల్సింది లేదు. మన దగ్గర విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ అయినా, అక్కడ ఎన్‌టీఎస్‌బీ అయినా, అంతర్జాతీయ నియమం ప్రకారం దర్యాప్తు మళ్లీ ఇలా జరగకుండా చూడటానికే గానీ ఎవరి మీదో నేరం మోపడానికి కాదు. జ్ఞాపకం తాజాగా ఉండగానే జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోమనండి. వాడు చేసింది దాచొద్దు, చెయ్యనిది నెత్తిన వేసుకోవద్దు. స్కూల్ గానీ ఇన్సూరెన్స్‌వాళ్లు గానీ ఇచ్చే కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు. ఏవియేషన్ డాక్టర్ సరేననే దాకా ఎగరొద్దు.

ఉలవపాడు_తోట · సోమవారం రాత్రి 9:05

మీ పోస్టులన్నీ అన్నకూ వదినకూ చదివి వినిపించాను. మాస్టారి లెక్క అన్న రెండుసార్లు చదివించుకున్నాడు. రిటైర్డ్ బాబాయ్ గారు ఇచ్చిన ధైర్యం మా వదినకు బాగా పనిచేసింది, ఈరోజు వీడియోలో వాడు లేచి నడవడం చూశాక అన్నం తిన్నది.

అనుకున్నది ఇది. డాక్టర్ ప్రయాణానికి ఒప్పుకోగానే వాడు ఇంటికొస్తాడు. ఎముక అతుక్కునే దాకా ఇక్కడే ఉంటాడు. తర్వాత వెళ్లి పూర్తి చేస్తానంటున్నాడు, అన్న సరేనన్నాడు. వదిన ఇంటికి రావడం వరకే ఒప్పుకుంది, ఆ తర్వాతది అప్పుడు చూద్దామంది. మేం బలవంతపెట్టలేదు.

స్కూల్‌కు ఈమెయిల్ రాశాం. వదిలెయ్యాల్సిన ఎత్తు గురించి వాళ్ల రాతపూర్వక నియమం చూపించమని అడిగాం. జవాబు రాకపోతే గంటలు వేరే స్కూల్‌కు మార్చుకునే వీలు కనుక్కుంటాం. కోవూరు అన్నా, మావాడు మీతో మాట్లాడతానంటున్నాడు. మీకు వీలవుతుందా?

గాల్లో_కోవూరు · సోమవారం రాత్రి 9:48

తప్పకుండా. నంబర్ మీకు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టాను. ఈ వారం డ్యూటీలో ఉన్నాను, ఆదివారం సాయంత్రం మన టైమ్ 6 దాటాక చెయ్యమనండి. రాసిపెట్టుకున్న కాగితం దగ్గర పెట్టుకోమనండి. మలుపు దగ్గర గాలి ఎట్టా తగిలిందో, అక్కడి నుంచి మొదలుపెడదాం.